వేరుకంటిన మట్టి

ఉప్పుగూడ,
27 జూలై 2025

బిడ్డ షారోన్‌కు,

క్షేమమని రాయడం అలవాటు కాబట్టి నేనూ రాస్తున్నాను. ఒక మోకాలు తప్ప మిగతా ఒళ్ళంతా దేవుని దయ వల్ల చెప్పిన మాట వింటోంది. చెవుల సంగతి నీకు తెలిసిందే. పోయినసారి నువ్వు ఫోన్ చేసినప్పుడు గోడ అవతలి నూరున్నీసా తన ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించింది. గాలి వీచినట్టు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ‘అవునమ్మా, అవునమ్మా’ అన్నాను. దేనికి అవునన్నానో నాకే తెలియదు. స్టేషన్‌లో జీవితమంతా పట్టాల పాయింట్లు మార్చినవాడికి ఇప్పుడు ఇంటి వెనక రైలు పోతే పాదాల కింద నేల అదిరితేనే తెలుస్తోంది. ఫోన్‌లో రాసి పంపుతానంటావు. అది వచ్చేది పక్కింటివాళ్ళ ఫోన్‌కే కదా. మన ఇంటి సంగతులు మనమే చదువుకుందాం. అందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతికి వస్తాను. మీ అమ్మ చామంతులు చచ్చిపోతున్నాయి.

జనవరిలో ఆమెను సమాధుల తోటలో పెట్టి వచ్చాక ఆ మొక్కల వైపు నేను చూడలేదు. అయినా ఎండాకాలం మొదలయ్యేసరికి పాత మొదళ్ళ చుట్టూ పిలకలు వాటంతట అవే లేచాయి. తొలివాన పడగానే వాటిని విడదీసి, ఆమె నాటినట్టే గోడ పొడవునా నాటాను. ఈసారి బాగా పూయాలని గేదెల కొట్టం నుంచి పేడ ఎరువు తెచ్చి పోశాను. నవంబరు రెండున సమాధుల పండుగ. ఏటా ఆ రోజున వాళ్ళ అమ్మ సమాధి మీద ఆమె ఈ మొక్కలు పెట్టేది. ఈసారి ఆమె సమాధి మీద నేను పెట్టాలి.

కొద్ది రోజులుగా ఒక్కో మొక్క తల వాలుస్తోంది. నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోశాను. పోయిన వారం ఒక వాడిన మొక్కను పట్టుకుంటే చేతిలోకే వచ్చేసింది. అడుగున వేరన్నదే లేదు. తవ్వి చూస్తే తెల్లటి పురుగులు, గోధుమరంగు తలలతో, ముడుచుకుని పడుకుని ఉన్నాయి. బోనాల జనమంతా సద్దుమణిగాక ఒక పురుగును సీసాలో వేసుకుని సైదాబాద్‌లో విత్తనాలమ్మే అతని దగ్గరికి పోయాను. ‘గిది వేరుపురుగు పెద్దాయనా. గుళికలు చల్లు, అంతా సాఫయితది’ అన్నాడు. గుళికల పొట్లం తెచ్చాను గానీ విప్పలేదు. మీ అమ్మ ఉన్నంతకాలం ఆ మట్టిలో విషం పడలేదు. ‘మా అమ్మ దగ్గరికి పొయ్యే మట్టిల గా మందులెందుకయ్యా’ అనేది.

కొని తెచ్చుకుందామంటే ఇవి దొరికే మొక్కలు కావు. పెళ్ళయిన కొత్తలో మీ అమ్మమ్మ సమాధి మీది నుంచి మీ అమ్మ తెచ్చిన పిలక సంతానం ఇవి. ఇవి పోతే ఇక లేవు. రాత్రి అన్నం సహించలేదు. నీకు చెప్పి లాభమేముందిలే, నువ్వు పురుగులను పెంచేదానివి, చంపేదానివి కావు.

నీ బాపు


బెంగళూరు,
3 ఆగస్టు 2025

బాపూ,

ఫోన్‌లో నువ్వు దేనికి అవునన్నావో చెప్పనా? రెండు పూటలా వండుకుంటున్నావా అని అడిగాను. కాబట్టి నాతో అబద్ధమాడావు. ఈ ఉత్తరం అందిన రోజైనా పప్పు చేసుకుని తిను.

ముందు ఆ గుళికల పొట్లాన్ని విప్పకుండానే దుకాణంలో తిరిగి ఇచ్చెయ్. అమ్మ మాటే సరైనది. ఆ పేడ బాగా మాగి ఉండదు, అందులోనే పురుగులు వచ్చి ఉంటాయి. నువ్వేమీ మనసులో పెట్టుకోకు. వానాకాలం వేపచెట్ల మీద వాలే పెంకు పురుగులు కూడా మట్టిలో గుడ్లు పెట్టి పోతాయి.

నేను పెంచే పురుగులు ఏం చేస్తాయో నువ్వెప్పుడూ అడగలేదు. ఇప్పుడు చెబుతాను, విను. నేను పెంచేవి చంపేవే. వాటిని నులిపురుగులంటారు. పిల్లల కడుపులో ఉండేవి కావు, ఇవి మట్టిలో ఉండేవి. కంటికి ఆనవు. సూక్ష్మదర్శినిలో పెడితే సన్నటి దారపు పోగుల్లా కదులుతాయి. తడి మట్టిలో పోస్తే వేరుపురుగు ఎక్కడుందో వాసన పట్టి పోయి, దాని నోట్లోంచో ఊపిరి తీసుకునే రంధ్రాల్లోంచో ఒంట్లోకి దూరతాయి. దూరాక తమ కడుపులో మోసుకొచ్చిన సూక్ష్మజీవులను వదులుతాయి. ఒకటి రెండు రోజుల్లో పురుగు చచ్చి ఇటుకరంగుకు తిరుగుతుంది. ఆ ఒంట్లోనే తిని, అక్కడే పిల్లల్ని పెట్టి, వేలకు వేలుగా బయటికొచ్చి ఇంకోదాన్ని వెతుక్కుంటాయి. వెనక తోలు తప్ప ఏమీ మిగలదు. ఒకసారి పోస్తే నెలల తరబడి ఆ మట్టిలోనే ఉంటాయి. ఆ మట్టిని ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి వస్తాయి.

పొడిలో కలిపి, చల్లటి డబ్బాలో పెట్టి కొరియర్‌లో పంపుతున్నాను. ఎండ తగలనివ్వకు. పొద్దు వాలాక నీళ్ళలో కలిపి మొదళ్ళలో పోసి, ఆ తర్వాత మట్టి ఆరిపోకుండా చూసుకో. అన్నీ వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి డబ్బాలో పెట్టాను.

ఒక మాట రాయాలి. ఆసుపత్రిలో అమ్మ పక్కన కూర్చున్న ఆ చివరి రోజుల్లో నా చదువు, నా పని, ఏవీ ఆమెకు అక్కరకు రాలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నానంతే. ఇప్పుడు అమ్మ మొక్కలకు నా పని అక్కరకొస్తుందంటే నిన్నటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. దీన్ని నన్ను చేయనీ.

షారోన్


ఉప్పుగూడ,
12 ఆగస్టు 2025

షారోన్‌కు,

డబ్బా అందింది. విప్పేసరికి ఇంకా చల్లగానే ఉంది.

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ పొడిని మన మట్టిలో వేయలేదు, వేయను. ఎందుకని అడగవద్దు. నువ్వు చేతులారా చేసింది పారేయడానికి మనసొప్పలేదు. నూరున్నీసా గులాబీలకు కూడా అదే పురుగు తగిలిందంటే గోడ మీది నుంచి ఆమెకిచ్చాను. ఆమెకు తెలుగు చదవరాదు కదా, నువ్వు రాసిన కాగితం నేనే చదివి వినిపించాను. గోడ మీదికి వంగి నా చెవి దగ్గర అరిచింది: ‘షారోన్ బేటీ మీ కోసమని పంపితే నాకిస్తున్నరేంది భాయ్? మీ చెట్లకొద్దా?’ వినపడనట్టు ఉండిపోయాను. చెవిటివాడికి ఉన్న సుఖం అదొక్కటే.

ఆ సాయంత్రమే ఆమె పోసుకుంది. ఆ వెంటనే వాన పట్టుకుంది, ఇప్పటికీ పడుతూనే ఉంది.

గుళికలు తిరిగి ఇచ్చేశాను. పొద్దున్నే తవ్వి పురుగులను చేత్తో ఏరుతున్నాను. ఏరినా మొక్కలు పోతూనే ఉన్నాయి. నవంబరు సెలవు కోసం నువ్వు తొందరపడకు. వచ్చినా పెట్టడానికి పూలు ఉంటాయో లేదో. ఇట్లాంటివి మళ్ళీ పంపకు.

డానియేలు


బెంగళూరు,
18 ఆగస్టు 2025

బాపూ,

కింద ‘డానియేలు’ అని సంతకం చేశావు. విద్యుత్ ఆఫీసుకు రాసినట్టు. నువ్వు నాకు రాసిన ఉత్తరాలన్నీ తీసి చూశాను, ఒక్కదాంట్లోనూ ఆ పేరు లేదు.

అడగవద్దన్నావు కాబట్టి అడగను. నాకు తెలిసింది రాస్తాను. అమ్మను సమాధిలో పెట్టి వచ్చాక ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థన జరిగిన రోజు గుర్తుందా? పాస్టరు గారు ‘అమ్మాయి ఏం చేస్తుంది బ్రదర్’ అని నీకు వినపడేలా గట్టిగా అడిగారు. నువ్వు ‘బెంగళూరులో ఆఫీసు పని’ అన్నావు. నేను చాయ్ ట్రే పట్టుకుని నీ వెనకే నిలబడి ఉన్నాను. నేను ఆఫీసులో పని చేయనని నీకు తెలుసు. నేనేం చేస్తానో నలుగురిలో చెప్పుకోవడం నీకు నామోషీ అని ఆ రోజే అర్థమైంది. అమ్మ పోయిన దుఃఖంలో దాన్ని పక్కన పెట్టాను. ఇప్పుడు మళ్ళీ పైకి వచ్చింది.

నా పురుగులు గోడ అవతల గులాబీలకు పనికొచ్చాయి. గోడ ఇవతల మా అమ్మ చామంతులకు పనికిరాలేదు. ఆ మొక్కలు చస్తే చావనీ గానీ నా చేతి పని వాటికి తగలకూడదనుకున్నావు. నువ్వు ఆ గుళికలు చల్లుకున్నా నాకింత బాధ ఉండేది కాదు. ఈ మాట కోపంలో రాస్తున్నానని తెలుసు. కొట్టేయడం లేదు.

నవంబరుకు రావద్దన్నావు. రాను. నూరున్నీసా ఆంటీకి నా సలాం చెప్పు. గులాబీలు ఎట్లా ఉన్నాయో నాకు రాయాల్సిన పని లేదు.

షారోన్


ఉప్పుగూడ,
26 ఆగస్టు 2025

నా తల్లీ,

రావద్దని నేను రాయలేదు. తొందరపడకు అన్నాను. పూలు లేని సమాధి ముందు నిన్ను నిలబెట్టడం ఇష్టం లేక అట్లా అన్నాను. నువ్వు చదువుకున్న తీరు చూస్తే నా రాతలోనే తప్పుందేమో.

నామోషీ అన్నావు. ఆ రోజు పాస్టరు గారు అడిగినప్పుడు ‘నా బిడ్డ పురుగులను పెంచుతుంది’ అనబోయాను. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ మీ అమ్మ మీద మట్టి వేసి వచ్చి ఎంతో సేపు కాలేదు. నా గోళ్ళలో ఆ మట్టి ఇంకా ఉంది. ఆ గదిలో, ఆమె ఫోటో ముందు, పురుగు అనే మాట నేను అనలేకపోయాను బిడ్డా. అందుకే ఆఫీసు అన్నాను. నువ్వు వెనక ఉన్నావని చూసుకోలేదు.

ఈ పొడి సంగతీ అంతే. చెప్పకూడదనుకున్నాను, చెబితే నీ నిద్ర కూడా పోతుందని. ఇప్పుడు చెప్పక తప్పదు. మనం కోసిన పూలు తీసుకుపోయేవాళ్ళం కాదు కదా. మొక్కను వేరుమట్టితో సహా పెళ్ళగించి, తీసుకుపోయి సమాధి మీద నాటాలి. ‘కోసిన పూలు పొద్దుమీకేసరికే వాడిపోతయి. వేరుతోటి పెడితే ఇంక కొన్ని దినాలు తోడుంటయి’ అనేది మీ అమ్మ. అంటే ఇక్కడి మట్టి ఆమె దగ్గరికే పోతుంది. నువ్వేం రాశావో చూసుకో. ఒంట్లోకి దూరతాయని రాశావు. లోపల తింటాయని, పిల్లల్ని పెడతాయని, తోలు తప్ప మిగలదని రాశావు. ఆ మట్టి ఎక్కడికి పోతే అక్కడికి వస్తాయని రాశావు. ఆమెను పెట్టి ఏడాది కూడా కాలేదు. వాటిని నా చేతులతో తీసుకెళ్ళి ఆమె మీద ఎట్లా వదలమంటావు?

మట్టిలో పెట్టినవాళ్ళు ఏమవుతారో తెలియనంత పిచ్చివాణ్ణి కాను. తెలుసు. తెలిసినా, ఆ పని నా చేతులు చేయవు.

సంతకం అట్లా ఎందుకు పెట్టానో నిజంగా తెలియదు. ఆ రోజు ఏ పని చేసినా మనసు పెట్టి చేయలేదు.

నీ బాపు


బెంగళూరు,
2 సెప్టెంబరు 2025

బాపూ,

నీ ఉత్తరాన్ని ల్యాబ్‌లోనే, ట్రేల మధ్య నిలబడి చదివాను. చదివి, అక్కడే ఏడ్చాను. నాతో పని చేసే రశ్మి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నీకు కోపంలో రాసిన ఉత్తరం చించెయ్. నీ దగ్గర ఉండకూడదు.

నేను నీకు సగమే చెప్పాను. పురుగు చావు గురించి రాస్తున్నాననుకుని సంబరంగా రాశాను. నువ్వు అమ్మ గురించి చదివావు. మిగతా సగం ఇప్పుడు రాస్తాను. అవి మనుషుల జోలికి రావు బాపూ. బతికినవాళ్ళ జోలికీ రావు, పోయినవాళ్ళ జోలికీ రావు. మన ఒంటి వేడికే తట్టుకోలేవు. వానపామును కూడా ముట్టుకోవు. వాటికి కావలసింది మట్టిలో బతికి తిరిగే పురుగు. అది దొరకకపోతే ఎక్కడున్నవి అక్కడే ఆకలికి పోతాయి. నెలల తరబడి ఉంటాయన్నాను, తినడానికి వేరుపురుగు దొరికినంత కాలమే అని రాయలేదు. అవి ఉన్న నీళ్ళలో నా చేతులు రోజూ తడుస్తాయి. అవే చేతులతో అన్నం కలుపుకుంటాను, తల దువ్వుకుంటాను. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నదీ ఈ చేతులతోనే.

ఇదంతా నువ్వు నమ్మాలని రాస్తున్నాను. నమ్మినంత మాత్రాన నీ మనసు ఒప్పుకోవాలని లేదు. చిన్నప్పుడు సమాధుల పండుగకు ఆటోలో పోయేవాళ్ళం. అమ్మ ఒళ్ళో ఒక మొక్క, నా ఒళ్ళో ఒక మొక్క. నా తెల్ల గౌను నిండా మట్టి అంటేది, అమ్మ ఏమీ అనేది కాదు. ఆ మట్టి ఎక్కడికి పోతుందో నీకన్నా నాకే బాగా తెలిసి ఉండాలి. ఉత్తరం రాసేటప్పుడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

నువ్వడిగితే తప్ప మళ్ళీ పంపను. ఎన్ని మొక్కలు మిగిలాయో మాత్రం రాయి. తింటున్నావా?

షారోన్


ఉప్పుగూడ,
21 సెప్టెంబరు 2025

బిడ్డా షారోన్,

వినాయకుల నిమజ్జనం, ఆ వెనకే మిలాద్ జులూసు, ఊరేగింపులతో దారులన్నీ మూసేశారు. మా గల్లీకి పోస్ట్‌మన్ వచ్చేసరికి నీ ఉత్తరం నలిగిపోయి ఉంది. అయినా ప్రతి అక్షరం చదివాను. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. తింటున్నాను. నిన్న వంకాయ కూర చేశాను, కొంచెం మాడింది.

మొక్కల సంగతి రాయడానికి ఇన్నాళ్ళు చెయ్యి రాలేదు. వరుసంతా పోయింది. మొన్న ఉదయం ఎండిన మొదళ్ళన్నీ పీకేసి నేల చదును చేద్దామని కూర్చున్నాను. అటు చివర నుంచి పీక్కుంటూ గోడ కింద మోరీ దగ్గరికి వచ్చాను. నూరున్నీసా వాకిట్లో పడ్డ వాననీళ్ళు మన వైపు వచ్చే ఆ రంధ్రం నీకు తెలుసు కదా. అక్కడి మొక్కను పట్టుకుని లాగితే రాలేదు. పక్కదీ రాలేదు. మొత్తం నాలుగు మొక్కలు గట్టిగా నిలబడి ఉన్నాయి, చివర్లలో సన్నటి మొగ్గలతో.

మొదలు దగ్గరి మట్టిని వేలితో కొంచెం తీసి చూశాను. రెండు పురుగులు కనిపించాయి. మెత్తబడి, ఇటుకరంగులో ఉన్నాయి. నువ్వు రాసినట్టే.

నీకు అబద్ధం రాయను. ముందు భయమేసింది. చేతులు సబ్బు పెట్టి కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను. గోడ దగ్గరికి పోయి నూరున్నీసాను పిలిచి చూపించాను. ఆమె గులాబీలు కొత్త చిగుళ్ళేసి ఉన్నాయి. ‘నేను పోసిన్నాడు మస్తు వాన పడె గద భాయ్. నా తాన నీళ్ళన్ని మీ దిక్కే వొచ్చినయ్. నేనైతే పంపలె. అవే వొచ్చినయ్’ అని నా చెవిలో అరిచింది. తర్వాత ఇంకేదో అంది, ‘సుగుణా’ అని మీ అమ్మ పేరు ఒక్కటే వినపడింది. కళ్ళు తుడుచుకుంటోంది కాబట్టి మళ్ళీ అడగలేదు.

అట్లా మీ అమ్మ మొక్కలు బతికాయి. నేను కాదన్నవే వాటిని బతికించాయి.

నీ మాట నమ్మాను తల్లీ. బుర్ర నమ్మింది గానీ చెయ్యి ఇంకా వెనకాడుతోంది. పండుగ ముందు రోజు నాలుగు మొక్కలనూ పెళ్ళగించి, వేర్లకున్న మట్టినంతా బకెట్ నీళ్ళలో కడిగేసి, ఉత్త వేర్లతో తీసుకుపోదామనుకుంటున్నాను. నువ్వేమంటావు?

నీ బాపు


బెంగళూరు,
29 సెప్టెంబరు 2025

బాపూ,

నాలుగు మొక్కలు అన్న మాట చదివి ఆ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకున్నాను.

నా పని తెలిసినదానిగా చెప్పాల్సింది చెబుతాను. పూలతో ఉన్న మొక్కకు మట్టి కడిగితే సన్నటి వేర్లు తెగిపోతాయి. సాయంత్రానికి తల వాలుస్తుంది. మళ్ళీ పిలకలు వేయకపోవచ్చు కూడా.

ఇక నీ కూతురిగా చెబుతున్నాను. కడగాలనిపిస్తే కడుగు. నేను ఏమీ అనుకోను, ఈసారి నిజంగా అనుకోను. అమ్మ దగ్గరికి పోయేటప్పుడు నీ మనసులో భయం ఉండకూడదు. కడిగితే వేర్లను తడి గోనెలో చుట్టి, ఎండ రాకముందే పోయి నాటు. అమ్మకు నాటే చోట ముందుగా నీళ్ళు పోసి ఉంచు.

నేను రాలేకపోతున్నాను. రశ్మి కాన్పుకు పోయింది. ఆదివారమైనా ట్రేలను చూసేదాన్ని నేనొక్కదాన్నే. అవి ప్రాణమున్నవి కాబట్టి తాళం వేసి రావడానికి లేదు. మొదటి పండుగకు లేకపోవడం నన్ను తినేస్తోంది. ఏం జరిగిందో అంతా రాయి.

షారోన్


ఉప్పుగూడ,
3 నవంబరు 2025

నా బిడ్డ షారోన్‌కు,

అంతా రాయమన్నావు కాబట్టి వరుసగా రాస్తాను.

శనివారం సాయంత్రం నీళ్ళ బకెట్, గోనెసంచి పక్కన పెట్టుకుని మొక్కల దగ్గర కూర్చున్నాను. నాలుగూ నిండా పూసి ఉన్నాయి, ఆ చిట్టి పసుపు పూలే. మొదటి మొక్కను చుట్టూ తవ్వి, కింద అరచెయ్యి పెట్టి పైకెత్తాను. కొత్త తెల్ల వేర్లు మట్టిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బకెట్‌లో ముంచబోయి ఆగాను. మీ అమ్మ గుర్తొచ్చింది.

మా పెళ్ళయిన కొత్తలో, ఇట్లాగే సమాధుల తోట నుంచి వచ్చేటప్పుడు మీ అమ్మమ్మ సమాధి మీది ఒక పిలకను తవ్వి కొంగులో మూట కట్టుకుంది. కొత్త చీర. కొంగంతా బురద. ఇంటికొచ్చాక నేను విసుక్కున్నాను, ‘మట్టి దులిపి మొక్కొక్కటే తెస్తే ఏమాయె?’ అని. ఆమె నా వైపు చూడకుండా ఈ గోడ పక్కనే గుంత తవ్వుతూ అంది: ‘గా మట్టిలనే మా అమ్మున్నది. ఎట్ల దులుపుత?’

అప్పుడు నాకు అర్థం కాలేదు. నేను స్టేషన్ డ్యూటీకి పోయాను. మొన్న ఆ మొక్కను చేతిలో పట్టుకుని, ఇన్నేళ్ళ తర్వాత, అర్థమైంది. మనం తిరిగిన ఈ జాగాలో, నువ్వు బుడిబుడి నడకలు నడిచిన ఈ మట్టిలో, మొదటి నుంచీ మీ అమ్మమ్మ ఉంది. మీ అమ్మ ఆమెను కొంగులో తెచ్చుకుంది, ఏటా మళ్ళీ ఆమె దగ్గరికే తీసుకుపోయింది. ఆమెకు లేని భయం నాకెందుకు? నేనొక్కణ్ణే మట్టిని చూసి వణికాను.

ఎత్తిన మొక్కను తిరిగి గుంతలోనే పెట్టి, బకెట్ నీళ్ళు నాలుగింటి మొదళ్ళలో పోశాను. పొద్దున్నే నాలుగింటినీ మట్టితోనే ఎత్తి గోనెలో చుట్టాను. నూరున్నీసా గోడ మీది నుంచి రెండు గులాబీలు కోసి ఇచ్చింది. ‘సుగుణమ్మకు నా దిక్కెల్లి పెట్టు భాయ్. నీ బిడ్డ పురుగులు బతికిచ్చిన పూలే ఇవి గుడ’ అంది.

ఆటోలో నా ఒళ్ళో మొక్కలు, ప్యాంటంతా మట్టి. నువ్వు చెప్పినట్టు ముందే నీళ్ళు పోసి, నాలుగు మూలలా నాటాను. నాటేటప్పుడు చేతులు వెనకాడలేదు. మట్టిని అరచేత్తో అదిమాను, చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచాను.

పాస్టరు గారు సమాధులన్నీ చూసుకుంటూ వచ్చి మన దగ్గర ఆగారు. చుట్టుపక్కల అందరివీ కొన్న దండలే. ‘ఇంత మంచి పూలు ఎక్కడ తెచ్చారు బ్రదర్?’ అని అడిగారు. నేను లేచి నిలబడి చెప్పాను. ‘నా బిడ్డ షారోన్ బెంగళూరుల పురుగులను పెంచుతది పాస్టరు గారు. గా పురుగులే ఈ చెట్లను బతికిచ్చినయ్’ అన్నాను. నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా అన్నానో తెలియదు. అటు పక్క ప్రార్థన చేసుకుంటున్నవాళ్ళు కళ్ళు తెరిచి చూశారు. పాస్టరు గారు ఏదో అడిగారు, పెదవులను బట్టి ‘పురుగులా’ అన్నట్టుంది. అవునన్నాను. నేను దేనికి అవునంటున్నానో ఈసారి నాకు బాగా తెలుసు.

పూలు అయిపోయి ఎండాకాలం మొదలయ్యేసరికి మీ అమ్మ సమాధి మీది నుంచి పిలకలు తెచ్చుకోవాలి. రశ్మికి బిడ్డ పుట్టి, తిరిగి పనిలో చేరాక నువ్వు రా. ఇద్దరం పోయి తెద్దాం. నాకు తవ్వడానికి మోకాలు సహకరించడం లేదు, నువ్వు తవ్వితే నేను పట్టుకుంటాను. మంచి చీర కట్టుకుని రావద్దు.

ఇంకొక్క మాట. ఇది చదివి ఏడవకు. నా వంతు వచ్చినప్పుడు నా మీద కూడా ఈ మొక్కలే పెట్టు. వేరుకంటిన మట్టి కడగకు. అందులో మీ అమ్మ ఉంటుంది.

నీ బాపు